మసి ఎవరిది?



నీ యింటిలో ఒక కుండ పగిలినయెడల, "ఎవరు పగులగొట్టిరి?" అని అడుగుదువు. ఆ ప్రశ్నకు జవాబు దొరకును. చిన్నవాడు కాలు తగిలించెను, లేక పిల్లి దూకెను, లేక నీవే జారవిడిచితివి. అయితే కుండ అడుగున పేరుకొనిన మసిని చూచి, "దీనిని ఎవరు పెట్టిరి?" అని ఎవరును అడుగరు. ఒక్కొక్క పూట వంటకు ఒక్కొక్క పొర వచ్చినది. ఏ పూటను తప్పు జరుగలేదు. అన్నము ఉడికినది, పిల్లలు తినిరి. అయినను మసి అక్కడ ఉన్నది.

మన జీవితములో కలుగు కీడులలో కొన్ని కుండ పగులుట వంటివి, కొన్ని మసి వంటివి. మొదటి వాటి విషయము తీర్పు తీర్చుట సులభము. రెండవ వాటిని గూర్చియే ఈ నెల నీతో మాట్లాడగోరుచున్నాను. ఏ ఒక్కడును ఏ ఒక్క దినమున చేయని కీడునకు బాధ్యుడెవడు? వేదాంత పాఠశాలలో ఈ ప్రశ్నను నేను నీతిశాస్త్రపు పాఠముగా చదివి, పరీక్షలో జవాబు వ్రాసి, మంచి మార్కులే తెచ్చుకొంటిని. అయితే దాని అర్థము నాకు తెలిసినది ఒక పాత పడవ మోటారు వలనను, నేను అన్యాయము చేసిన ఒక మనుష్యుని వలనను. జరిగిన సంగతి దాచక చెప్పెదను.

మా సంఘములో సగము కుటుంబములు గోదావరి గౌతమీ పాయ మధ్యనున్న లంకలలో కాపురముండును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తాకిన తుఫానులో కొబ్బరి తోటలును ఇండ్లును పడిపోయిన తరువాత, సహాయము చేయవచ్చిన వారు వెళ్ళుచు వెళ్ళుచు ఒక పడవను, దానికి తగిలించు ఒక మోటారును మా సంఘమునకు విడిచిపెట్టిరి. నేను 2009లో ఈ సంఘమునకు వచ్చునప్పటికి ఆ మోటారుకు పండ్రెండేండ్లు నిండినవి. నాకంటె ముందున్న అయ్యగార్లు దానిమీదనే లంకలకు వెళ్ళివచ్చిరి. రోగులను ఆసుపత్రికి, పిల్లలను బడికి, శవములను సమాధి దొడ్డికి అదియే దాటించినది.

ఇట్టి మోటారును నీవు చూచియుండవచ్చును. పడవ వెనుక బల్లకు బిగించుదురు. పైన ఇంజను, క్రింద నీటిలో తిరుగు రెక్కలు. నార్వే దేశమున పుట్టి అమెరికాలో పెరిగిన ఓలే ఎవిన్‌రూడ్ అనువాడు మిల్వాకీ పట్టణములో 1909 మొదలుకొని ఇట్టి మోటార్లను అమ్ముటకు ప్రారంభించెను. అప్పటినుండి చాల కాలమువరకు వాటిలో ఎక్కువ భాగము టూ-స్ట్రోకు మోటార్లే. ఈ మాట ఇక్కడ ముఖ్యము గనుక కొంచెము వివరించెదను.

కారులోను, ఈ కాలపు ఫోర్-స్ట్రోకు పడవ మోటార్లలోను ఇంజను నూనె అడుగున వేరుగా నిలిచియుండును. అది పెట్రోలుతో కలిసి కాలదు. పాత టూ-స్ట్రోకు మోటారు అట్లు కాదు. దానిలో నూనెను పెట్రోలులోనే కలిపి పోయవలెను. ఆ నూనె లోపలి బేరింగులను తడిపి, సిలిండరులోనికి వెళ్ళి, పిస్టనుకు దారి నున్నగా చేసి, చివరకు పెట్రోలుతో కూడ తానును కాలిపోవును. అనగా మోటారును కాపాడు నూనెయే దానిలో కాలుచున్నది. పూర్తిగా కాలినది పొగయై పోవును. పూర్తిగా కాలనిది నల్లని గట్టి పొరయై లోపల అంటుకొనును. మెకానిక్కులు దానిని కార్బను అందురు. నేను మసి అందును.

మా సరంగు నాకంటె పదేండ్లు పెద్దవాడు. ఏటి లోతులు, ఇసుకమేటలు, ఏ నెలలో ఏ రేవు పనిచేయునో, ఏది పనిచేయదో అతనికి కంఠస్థము. నేను వచ్చిన క్రొత్తలో అతనికి మూడు ఆజ్ఞలు ఇచ్చితిని. మొదటిది, మోటారును నెమ్మదిగా నడుపుము, పెట్రోలు మిగులును. రెండవది, మోటారు పాతది గనుక నూనె కొంచెము ఎక్కువగానే కలుపుము, అరుగకుండ ఉండును. మూడవది, పడవ మోటారు నూనె కొరకు కాకినాడ పోవలదు, దారిలో పెట్రోలు బంకులో స్కూటర్లకు పోయు నూనె చవుకగా దొరకును, అదియే తెమ్ము. సంఘపు డబ్బు విధవరాండ్ర కానుకల డబ్బు. దానిని పొదుపుగా వాడుట నా విధియని నేను ఎంచితిని. కమిటీవారు నన్ను మెచ్చుకొనిరి.

నాలుగేండ్లు గడచినవి. మోటారు నెమ్మదిగా మారెను. తాడు ఒకసారి లాగితే పలికినది, నాలుగైదు మారులు లాగవలసి వచ్చెను. ఎదురు నీటిలో బలము తగ్గెను. నిలుకడగా తిరుగునప్పుడు త్రొట్రుపడెను. సరంగు నాతో రెండుమారులు చెప్పెను. "అయ్యగారూ, లోపల పట్టేసిందండి. ఒకసారి విప్పించాలండి." మొదటిమారు, "వచ్చే నెల చూద్దాంలే" అంటిని. రెండవమారు, "నడుస్తుందిగా" అంటిని. నడుచుచునే యున్నది. మసి యొక్క మోసము ఇదియే. అది ఆపదు. నిన్నటికంటె నేడు కొంచెము మాత్రమే తక్కువ నడుచును. ఆ కొంచెమును మనము గమనింపము.

2013 ఆగష్టు మాసములో, గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చిన దినములలో, లంకలో ఒక సమాధి కార్యక్రమము ముగించుకొని సాయంకాలము తిరిగి వచ్చుచుంటిమి. పడవలో 11 మందిమి. వారిలో ముగ్గురు పిల్లలు. నడిపాయలో మోటారు ఒక గట్టి చప్పుడు చేసి ఆగిపోయెను. సరంగు తాడు లాగెను, మరల లాగెను, అది పలుకలేదు. గెడ వేసెను, అడుగు అందలేదు. పడవ అడ్డము తిరిగి వరద లాగినట్టు పోసాగెను. ఒక ముసలి తల్లి నా చేతిని పట్టుకొని విడువలేదు. నేను ప్రార్థించితినని చెప్పగలిగిన బాగుండును గాని, నేను సరంగును కోపముతో చూచుచుంటిని. అరగంట తరువాత ఒక లంక కొసను వెదురు పొద మమ్మును పట్టుకొనెను. చీకటిలో వేరొక పడవవారు వచ్చి మమ్మును గట్టు చేర్చిరి. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు.

తరువాతి ఆదివారము కమిటీ కూడెను. "ఎవరి తప్పు?" అని అడిగిరి. మోటారు ఎవరి చేతిలో ఉన్నదో వాని తప్పని నేను చెప్పితిని. సరంగు మూలను నిలువబడియుండెను. "చెప్పానండి" అని ఒక్క మాట అనెను. ఆ మాట నేను విననట్టు ఊరకుంటిని. అతనిని పనినుండి తీసివేసిరి.

చదువరీ, ఇంతవరకు మా తీర్పు కుండ పగిలినప్పటి తీర్పు. ఇప్పుడు మోటారు ఏమి సాక్ష్యమిచ్చెనో వినుము.

నేనే దానిని కాకినాడ రేవు దగ్గర పనిచేయు ఒక పెద్ద మేస్త్రీ యొద్దకు తీసికొనిపోతిని. సరంగు నిర్లక్ష్యమునకు ఋజువు దొరకునని నా మనస్సులో ఉండెను. మేస్త్రీ రెండు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో ఒక గడియారము వంటి కొలతను బిగించి, తాడు లాగి, సిలిండరులో గాలి ఎంత బిగువుగా నొక్కబడుచున్నదో చూచెను. మా మోటారుకు ఒకదానిపై ఒకటి రెండు సిలిండర్లు. పైదానిలో చదరపు అంగుళమునకు 105 పౌనులు. క్రిందిదానిలో 60. "రెండూ దగ్గర దగ్గరగా ఉండాలండి. నూటికి పది పదిహేను తేడా అయితే పరవాలేదు. ఇది రింగులు పట్టేసినట్టుంది" అనెను.

హెడ్డు విప్పి చూపించెను. పిస్టను తలమీద కాలిన కుండ అడుగువలె నల్లని పెచ్చు. పొగ బయటికి పోవలసిన ద్వారములు సగమువరకు పూడుకొనిపోయినవి, ముసలివాని రక్తనాళములు పూడినట్టు. పిస్టను చుట్టు గాడులలో ఇమిడియుండు ఉక్కు రింగులు స్ప్రింగువలె బయటికి తెరచుకొని సిలిండరు గోడను అంటియుండవలెను. క్రింది పిస్టను రింగులు తమ గాడులలోనే మసితో అతుక్కొని, కదలిక లేక, చచ్చినట్టు పడియున్నవి. రింగు అంటనప్పుడు మండిన వాయువు ప్రక్కనుండి జారిపోవును. బలము తగ్గును. ఆ వేడి పిస్టను ప్రక్కలను కాల్చును. నూనె పొర ఎండిపోవును. అప్పుడు లోహమును లోహమును రాచుకొనును. సిలిండరు గోడమీద నిలువుగా గీతలు పడియుండుట నేను చూచితిని. ఏటి నడుమ మేము వినిన చప్పుడు అదియే.

మేస్త్రీ చేతులు తుడుచుకొని మూడు ప్రశ్నలు అడిగెను.

"నూనె ఎంత కలిపేవారండి?" ఆ మోటారు పెట్రోలు మూత మీదనే 50 పాళ్ళకు 1 పాలు అని వ్రాసియున్నది. అనగా లీటరుకు 20 మిల్లీలీటర్లు. మేము దానికి రెట్టింపు పోయుచుంటిమి.

"ఏం నూనె?" స్కూటరు నూనె అని చెప్పితిని. స్కూటరు ఇంజను గాలితో చల్లబడునది, అది వేడిగా నడుచును, దానికి చేసిన నూనెలో కొన్ని లోహపు పదార్థములు కలుపుదురు, అవి కాలి బూడిద మిగుల్చును అని అతడు చెప్పెను. పడవ మోటారును ఏటి నీరే చల్లార్చును గనుక అది చల్లగా నడుచును. దానికి బూడిద మిగుల్చని నూనె వేరుగా ఉన్నది. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అను గురుతు ఉండును.

"ఎలా నడిపేవారు?" నెమ్మదిగా అంటిని. అతడు నవ్వెను. "అదేనండి అసలు జబ్బు. నెమ్మదిగా నడిపితే లోపల వేడి చాలదు, నూనె సరిగా కాలదు. అప్పుడప్పుడూ పూర్తి వేగంతో పరుగెత్తించాలండి. మరి అలా నడపమని ఎవరు చెప్పారు?"

నేను కొంతసేపు మాటలాడలేదు. తరువాత, "నేనే" అంటిని.

ఇక ప్రశ్నకు వచ్చుదము. మసి ఎవరిది?

"ఎవరిదియు కాదు" అని ఒక జవాబు. నేను చేసిన మూడు పనులను విడివిడిగా చూడుము. పొదుపు మంచిదే. జాగ్రత్త మంచిదే. నెమ్మది మంచిదే. ఈ మూడింటిలో దేనిని గూర్చియు నేను ఎవరియెదుటను సిగ్గుపడనక్కరలేదు. ఏ చుక్క నూనె మోటారును చంపలేదు. ఏ ఒక్క ప్రయాణము రింగును అతికింపలేదు. విడివిడిగా నిర్దోషములైన వెయ్యి పనులను కూడినయెడల ఒక దోషము ఎట్లు వచ్చును? సున్నకు సున్న కలిపితే సున్నయే గదా? ఈ తర్కము చాల గట్టిగా కనబడును. అనేకులము దీనిమీదనే నిద్రపోవుచున్నాము.

అయితే ఇది సున్నల లెక్క కాదు. ఒక్క ప్రయాణపు మసి కంటికి కనబడనంత చిన్నది, అంతే. కనబడనిది వేరు, లేనిది వేరు. మన ఊరి పంటకాలువను చూడుము. ఏ రైతును తట్టతో మట్టి తెచ్చి దానిలో పోయలేదు. ప్రతి తడియు కొంచెము ఒండ్రు తెచ్చినది. మూడేండ్లకు చివరి పొలము ఎండిపోయినది. ఎండిన పొలము గలవాడు, "ఎవరును ఏమియు చేయలేదు" అను మాటతో కడుపు నింపుకొనగలడా? కీడు నిజముగా ఉన్నప్పుడు, అది ఎవరిదియు కాదనుట జవాబు కాదు, తప్పించుకొనుట.

"చేతిలో ఉన్నవానిది" అని రెండవ జవాబు. ఇది నేను కమిటీలో చెప్పినది. ఇది వినుటకు న్యాయముగా తోచును, ఎందుకనగా వాడు కంటికి కనబడును. కీడు జరిగిన గడియలో తాడు లాగుచున్నవాడు వాడే. అయితే సరంగుకు నూనె కొలతను మార్చు అధికారము లేదు. వేగమును మార్చు అధికారము లేదు. మోటారును విప్పించుటకు డబ్బు లేదు. అతనికి ఉన్నది ఒక్కటే, చెప్పుట. అతడు చెప్పెను, రెండుమారులు. అధికారము లేనివానిమీద బాధ్యత మోపుట, తెడ్డు లాగుకొని ఈదుమనుట వంటిది.

కాబట్టి నేను చేరిన జవాబు ఇది. మసి విషయములో "ఎవరు చేసిరి?" అను ప్రశ్న దారి తప్పించును. "తీయగలిగినవాడెవడు? తీయవలెనని ఎవనికి తెలియవచ్చెను?" అని అడుగవలెను. మసి పట్టుట పాపము కాదు. మండు ప్రతిదానికి మసి పట్టును, పని చేయు ప్రతి మనుష్యునికిని పట్టును. తెలిసినతరువాత తీయకుండుట పాపము. మొదటి రెండేండ్లు నాకు తెలియదు గనుక ఆ మసికి నేను అజ్ఞానిని. సరంగు మొదటిమారు చెప్పిన దినమునుండి ఆ మసి నాది. అతడు రెండవమారు చెప్పిన తరువాత పేరుకొనిన ప్రతి పొరను నా చేతులతో పూసినట్టే.

"నాకు మోటార్ల సంగతి తెలియదు గదా" అని నా హృదయము వాదించెను. నిజమే. అయితే తెలిసినవాడు నా యెదుటనే నిలువబడియుండెను. తెలియకపోవుట ఒకటి, తెలిసినవాని మాట వినకపోవుట మరియొకటి.

మేస్త్రీ ఆ మోటారును ఎట్లు శుభ్రము చేసెనో ఇప్పుడు చెప్పెదను. మీలో పడవ గలవారికి అది పనికివచ్చును. పడవ లేనివారికిని పనికివచ్చునని నా నమ్మకము.

రోగము ముదరనప్పుడు మెత్తని విధమొకటి ఉన్నదని అతడు చెప్పెను. మోటారును నీటిలో ఉంచియే పది నిమిషములు నడిపి వేడెక్కించవలెను. నీరు లేక ఒక నిమిషమైనను నడుపరాదు, ఏలయనగా నీటిని తోడు రబ్బరు రెక్కలు కాలిపోవును. తరువాత కార్బను కరిగించుటకు అమ్ము మందును, మోటారు తిరుగుచుండగా, కార్బురేటరు నోటిలోనికి కొంచెము కొంచెముగా చిమ్మవలెను. దట్టమైన తెల్లని పొగ వచ్చును. చివరకు ఎక్కువగా చిమ్మి మోటారును ఆపివేసి, రాత్రి అంతయు ఊరకే విడిచిపెట్టవలెను. మందు గాడులలోనికి దిగి మసిని మెత్తపరచును. మరుసటి దినము వెడల్పు నీటిలో పూర్తి వేగముతో నడిపి, కరిగినదంతయు కాలి బయటికి పోవువరకు ఆగి, ప్లగ్గులు క్రొత్తవి వేయవలెను. 50 మొదలు 100 గంటల నడకకు ఒకమారు ఇట్లు చేసినయెడల హెడ్డు విప్పు అవసరము చాల అరుదుగా వచ్చును.

మా మోటారుకు ఆ కాలము దాటిపోయినది గనుక విప్పియే చేయవలసి వచ్చెను. అతని పనివాడు, పదునారేండ్ల కుఱ్ఱవాడు, స్క్రూడ్రైవరు తీసికొని పెచ్చును గీకబోయెను. మేస్త్రీ అతని చేతిని పట్టుకొని, "ఒరేయ్, పిస్టను అల్యూమినియంరా! మసి కన్నా అదే మెత్తన" అనెను. మందుతో నానబెట్టి, గట్టి కఱ్ఱను ఉలివలె చెక్కి, దానితో గీకించెను. ఇనుము పెట్టిన గీతలోనే మరుసటి మసి మొదట చోటు చేసికొనునని చెప్పెను. రింగుల గాడులను శుభ్రపరచుటకు అతడు వాడినదేమో తెలియునా? విరిగిన పాత రింగు ముక్క. ఆ గాడికి సరిపోవు కొలత దానికే ఉన్నది. మరియు రాలిన ప్రతి పొడిని నూనెగుడ్డతో ఏరి తీసెను. అంటుకొనిన మసికంటె ఊడిపడిన మసి ప్రమాదము, ఏలయనగా అది లోపల తిరిగి గోడను కోయును. చివరను క్రొత్త గ్యాస్కెట్టు వేసి, హెడ్డు బోల్టులను నడిమినుండి అంచులకు, ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా రెండు మూడు విడతలలో బిగించెను. ఒకేసారి ఒక ప్రక్క బిగించితే హెడ్డు వంగును.

సహోదరులారా, తప్పును సరిదిద్దబోవు మనలో ఎందరము స్క్రూడ్రైవరు పట్టినవారము! మసిమీద కోపముతో పిస్టనును గీకుదుము. తప్పు చేసినవానిని శుభ్రము చేసితిమనుకొందుము గాని, వాని మెత్తని మనస్సుమీద మనము విడిచిన గీతలో రేపటి చేదు చోటు చేసికొనును. కఱ్ఱతో గీకుటకు రెండు పూటలు పట్టును, ఇనుముతో అరగంట చాలును. ఈ తేడాయే ఓర్పు.

మోటారును ఏటిలో పరీక్షించినప్పుడు పుట్టిన పొగను చూచి గట్టుమీదివారు, "ఇదేంటండీ, ఇంకా పాడైందేమో" అనిరి. మేస్త్రీ కంగారుపడలేదు. లోపలిది బయటికి వచ్చునప్పుడు పొగ రాకమానదు. తరువాతి వారము సంఘము యెదుట నేను నిలువబడి, నాలుగేండ్ల నా మూడు ఆజ్ఞలను, సరంగు చెప్పిన రెండు మాటలను, కమిటీలో నేను వహించిన మౌనమును వరుసగా ఒప్పుకొన్నప్పుడు అట్టి పొగయే పుట్టెను. కొందరు తలలు వంచుకొనిరి. కొందరు గొణుగుకొనిరి. ఒక పెద్ద లేచి, అయ్యగారు ఇట్లు చెప్పుకొనుట సంఘమునకు పరువు తక్కువ అనెను. ఆ పొగ తేరుటకు కొన్ని నెలలు పట్టెను.

అయితే దానికి ముందే నేను వెళ్ళవలసిన చోటొకటి యుండెను. సరంగు అప్పటికి ఒక రొయ్యల చెరువు మీద రాత్రి కాపలాకు కుదిరియుండెను. చెరువు గట్టున అతని పాకకు వెళ్ళితిని. నన్ను చూచి లేచి నిలువబడి, తువ్వాలుతో నులకమంచము దులిపెను. నేను కూర్చుండలేదు.

"తప్పు నాది. నువ్వు చెప్పావు, నేను వినలేదు. నలుగురిలో నిన్ను నిలబెట్టి నేను నోరు మూసుకున్నాను" అంటిని.

అతడు చాలసేపు నీటివైపు చూచెను. తరువాత, "మోటారు బాగుపడిందాండి?" అని అడిగెను.

"ఆఁ. పైది నూట అయిదు ఉంది. కిందది తొంభైకి వచ్చింది. గోడ మీద గీతలు పడ్డాయి, అవి పోవన్నాడు."

"పోవండి" అనెను. "తొంభై అయితే నడుస్తాదిలెండి. ఎదురు నీటిలో మాత్రం చూసుకోవాలి."

తిరిగి పనికి రమ్మని అడిగితిని. రానని చెప్పెను. కోపముతో కాదు. ఇక్కడ జీతము నెలనెల వచ్చుచున్నదనియు, భార్యకు రాత్రి దీపము కనబడు దూరములోనే ఉన్నాననియు చెప్పెను. పనినుండి తీసివేసిన దినము మొదలుకొని అతనికి రావలసిన జీతము లెక్కకట్టి ఇచ్చితిమి. అతడు పుచ్చుకొనెను. క్రొత్త సరంగుగా వచ్చిన కుఱ్ఱవానికి నాలుగు ఆదివారములు ఏరు నేర్పి, నూనె కొలుచు సీసామీద 20 దగ్గర మేకుతో ఒక గీత గీసి ఇచ్చి వెళ్ళెను.

చదువరీ, క్షమాపణ అడుగగానే సమస్తము మునుపటివలె అగునని నేను నీకు చెప్పను. అట్లు చెప్పు కథలు అనేకము వినియుంటివి. మోటారు క్రింది సిలిండరు 105కు తిరిగి రాలేదు. సరంగు మా పడవకు తిరిగి రాలేదు. కొన్ని గీతలు నిలిచియుండును. శుభ్రము చేయుట యొక్క ఫలము గీతలను చెరిపివేయుట కాదు, క్రొత్త గీతలు పడకుండ ఆపుట. తొంభైతో ఏరు దాటవచ్చును. మేము దాటితిమి.

ఇప్పుడు నీ యింటి సంగతి ఆలోచించుము. అన్నదమ్ముల మధ్య ఏ గొడవయు జరుగలేదు గాని, రాకపోకలు తగ్గినవి. ఎవరు మానిరి? ఎవరును మానలేదు. సంఘపు కానుకల లెక్కలో ఎవరును దొంగిలింపలేదు గాని, రేపు వ్రాయుదుమని విడిచిన చిన్న చిన్న పద్దులు పేరుకొనినవి. ఇంటి కోడలిని ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. అయితే పదేండ్లుగా అందరికంటె చివరను ఆమెయే తినుచున్నది. వీటిలో దేనికిని దోషి దొరకడు. ఒకనాడు వరదలో, నడిపాయలో, చప్పుడు చేసి ఆగిపోవును. అప్పుడు మనము చేతిలో తాడున్నవానివైపు చూతుము.

కాబట్టి ఆగకముందే విప్పుము. మోటారుకు గంటల లెక్క పెట్టినట్టు నీ యింటికిని ఒక లెక్క పెట్టుకొనుము. పంట నూర్చిన తరువాతనో, సంవత్సరపు కడపటి రాత్రియో, ఒక దినమును నిర్ణయించుకొని, నీకంటె తక్కువ అధికారము గలవానిని పిలిచి, "లోపల ఏమైనా పట్టిందా?" అని అడుగుము. అతడు చెప్పునప్పుడు, "నడుస్తుందిగా" అనకుము. ఆ మాట నేను అంటిని. దాని వెల పడవలోనున్న 11 మంది దాదాపుగా చెల్లించిరి, ఒక నమ్మకమైన మనుష్యుడు పూర్తిగా చెల్లించెను.

ఆ కొలసీసా ఇప్పటికిని మా పడవలో ఉన్నది. నూనె పోయు ప్రతిమారును మేకుతో గీసిన ఆ గీతవరకే పోయుదుము.